మిషనుకు కట్టిన దారం

ఆ దారం కట్టింది నేనే. తొమ్మిది చుట్లు చుట్టి, మూడు ముళ్లు వేసి, చివర పంటితో లాగి మరీ బిగించాను. ఇంకెవరి మీదా తోయడానికి లేదు.

పోయిన దసరాకు, ఆయుధపూజ పొద్దున, కురబలకోటలో మా ఇంటి ముందర చెట్లు కోసే మిషనును కడిగి పీట మీద పెట్టాం. మా కొడుకు ప్రతాప్ బతుకంతా దాని మీదే. ఎండిన మామిడి తోటలు, రోడ్డు పక్క చింతమాన్లు, నీలగిరి తోపులు, ఎవరు పిలిస్తే అక్కడికి నలుగురు మనుషులను తీసుకుని పోయి కోసి వస్తాడు. ఆ నలుగురిలో పెద్దవాడు చెంగయ్య. మా ఆయన ఉన్న రోజుల్లో రంపానికి ఒక కొస ఆయన, ఇంకో కొస చెంగయ్య పట్టేవాళ్లు. ఆ వరసలోనే నన్ను వదినా అంటాడు, ప్రతాప్ అతన్ని చిన్నాయనా అంటాడు.

నేను దారానికి పసుపు పూస్తుంటే చెంగయ్య దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

"తప్పుగా అనుకోవద్దు వదినా. దారం సుమలత చేత కట్టిచ్చు. ముత్తైదువ గదా."

సుమలత మా కోడలు. పక్కనే పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. నా చేతిలో దారం అట్లాగే ఆగిపోయింది. సుమలత చెయ్యి చాపలేదు, పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయింది.

ప్రతాప్ విన్నాడు. "మా అమ్మే కట్టల్ల," అన్నాడు గట్టిగానే. "మిషను చైనుకు పండ్లు నూరేది ఎవురు చిన్నాయనా? మా అమ్మ. నువ్వు పోయి టెంకాయ కొట్టు. పోయినేడు నాలుగు దెబ్బలకు గానీ పగలగొట్టలేకపోతివి, ఈ తూరి పిల్లోళ్లు కూడా సూస్తాండారు."

అందరూ నవ్వారు. చెంగయ్య కూడా నవ్వి టెంకాయ అందుకున్నాడు. నేను మిషను ముందర కూర్చున్నాను. పిడికి మాత్రమే చుడితే దారం జారిపోతోంది. పిడికి ముందర ఒక నల్లటి ప్లాస్టిక్ కాపు ఉంది, చేతికి అడ్డంగా, రెక్క మాదిరి. ఆ రెక్కనూ పిడినీ కలిపి చుట్టాను. అప్పుడు నిలిచింది. మామూలుగా కట్టి ఉంటే ఒక ముడి వేసేదాన్ని. చెంగయ్య అన్న మాట చెవిలో ఉండి మూడు వేశాను.

మా వైపు అట్లా కట్టిన దారాన్ని ఎవరూ విప్పరు. దానంతట అది నాని, చీకి, తెగి పడిపోవాలి. ప్రతాప్ మిషను ఎత్తుకుంటుంటే నేనే చెప్పాను. "తెగేదాకా దాని జోలికి పోవద్దు."

*

మిషనుకు రెండు చైన్లు, మాను కోసే పండ్లున్న గొలుసులు, ఉన్నాయి. ఒకటి మిషను మీద ఉంటే ఇంకొకటి నా దగ్గర ఉంటుంది. ప్రతాప్ ఆదివారం వచ్చి మొద్దుబారింది ఇచ్చి, నూరింది తీసుకుపోతాడు. మదనపల్లెలో అంగడికి ఇస్తే చక్రానికి పెట్టి, పండ్లు నీలం తిరిగేదాకా కాల్చి ఇచ్చారు. అప్పటి నుంచి ఆ పని నేనే చేస్తున్నాను. మా ఆయన రంపానికి ఆకురాయి పట్టేటప్పుడు పక్కన కూర్చుని నేర్చిన చెయ్యి.

గాడి కోసిన దుంగలో చైను ఇరికించి, చీల కొట్టి కదలకుండా చేస్తాను. తోలు గ్లౌజు వేసుకుంటాను. సుమలత గోళ్లరంగుతో మొదటి పంటికి ఒక చుక్క పెడతాను, లేకపోతే ఎక్కడ మొదలుపెట్టానో తెలియదు. గుండ్రటి ఆకురాయిని లోపలి నుంచి బయటికి తోయాలి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తాలి, రుద్దరాదు. ఒక పంటికి నాలుగు తోపులైతే అన్ని పండ్లకూ నాలుగే. ఒక పక్క పండ్లు అన్నీ అయ్యాక దుంగ తిప్పి రెండో పక్క. ఒక పక్క ఎక్కువ అరిగితే మిషను వంకరగా కోస్తుంది.

దసరా అయిన పది రోజులకు ప్రతాప్, చెంగయ్య పుంగనూరు పని ముగించుకుని వచ్చారు. ప్రతాప్ జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. ప్రతిసారీ చివరి మాను కోసిన పొట్టు నాకు తెచ్చి చూపిస్తాడు. పదును ఉంటే పొట్టు రేకులుగా పడుతుంది. మొద్దుబారితే పిండి. వేళ్ల మధ్య నలిపి చూశాను. రేకులే.

"మా, ఇంకో మాట," అన్నాడు కాళ్లు కడుక్కుంటూ. "ముందర మిషను నడమన నడమన టక్కని ఆగిపోతా ఉండె. కొమ్మ తగిలితే సాలు, సచ్చినట్ల చైను నిలబడిపోతాండె. నువ్వు దారం కట్టినాక ఒగసారి కూడా ఆగలేదు."

"నా నోరు కాలా," అన్నాడు చెంగయ్య. "ఆ దినం నేను అనింది తప్పే వదినా. నీ చెయ్యి మంచిది."

ఆ మాటకు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. లోపలికి పోయి వాళ్లిద్దరికీ ఇంకొక ముద్ద సంగటి ఎక్కువే పెట్టాను.

తిన్నాక చెంగయ్య నేను నూరిన చైనును వేలితో తడిమి చూశాడు. "ఇప్పుడు పోయేది కుప్పం కాడ నీలగిరి తోపు. పచ్చి మాన్లు. పంటి ముందర ఈ మిట్ట ఉండాది సూడు, దీన్ని రొంత దించు వదినా. అప్పుడు బాగా కొరుకుతాది."

"దానికి కొలత రేకు ఉండాది అప్పా. అది పెట్టి, పైకి వచ్చినంత మాత్రమే అరగదీయల్ల అని అంగడాయన చెప్పినాడు."

"రేకు యాలా? మన రంపానికి ఎప్పుడన్నా రేకు పెట్టినామా? అన్న కంటితో సూసి నూరుతాండె."

మా ఆయన పేరు తెచ్చేసరికి రేకు పక్కన పెట్టేశాను. చదునైన ఆకురాయి తీసుకుని ఒక్కొక్క మిట్ట మీద మూడు సార్లు గట్టిగా రుద్దాను. సోమవారం పొద్దున ఆ చైను మిషనుకు ఎక్కించుకుని కుప్పం పోయారు.

*

మా వీధిలో అంగన్‌వాడీ పక్క గదిలో మధ్యాహ్నాలు పెద్దవాళ్లకు చదువు చెబుతారు. మాధవి మేడం చెబుతుంది. నేను చేరి రెండేళ్లయింది. అక్షరాలు వచ్చాయి, గుణింతాలు వచ్చాయి, ఒత్తులు వచ్చిన దగ్గర మాత్రం ఇప్పటికీ ఎద్దు బురదలో ఆగినట్టు ఆగుతాను.

ఆ మంగళవారానికి ఇంట్లో అచ్చయిన కాగితం ఏదైనా తెచ్చి చదవమంది మేడం. అన్నపూర్ణమ్మ ఒక పెండ్లి పత్రిక తెచ్చింది. గట్టిగా, పురోహితుడిలా చదివింది.

"ఈ పిల్లకు ఇప్పుడు ఇద్దరు బిడ్డలు గదమ్మా," అన్నారు ఎవరో.

"పెండ్లి చేసింది ఇప్పుడే గదా నేను," అంది అన్నపూర్ణమ్మ. గది అంతా నవ్వు.

నా దగ్గర మిషను డబ్బాలో దొరికిన చిన్న పుస్తకం ఉంది. కొన్ననాటి నుంచి ఎవరూ తెరిచినట్టు లేదు, పేజీలు ఒకదానికొకటి అంటుకున్నాయి. అయిదారు భాషల తర్వాత తెలుగు వచ్చింది. మొదట బొమ్మ చూశాను. మనిషి, చేతిలో మిషను, మిషను ముక్కు నుంచి అతని మొహం దాకా వంపు తిరిగిన బాణం గుర్తు. కింద ఉన్నది కూడబలుక్కుంటూ చదివాను.

"కోత బ్లేడు ముక్కు దేనికైనా తగిలితే మిషను ఒక్కసారిగా మీ ముఖం వైపు లేస్తుంది. అప్పుడు మీ చేయి తగిలి ముందు కాపు ముందుకు వాలుతుంది. కాపు వాలితే గొలుసు ఆగుతుంది. ఇది మీ ప్రాణరక్షణ బ్రేకు. కాపును తాడుతో గాని తీగతో గాని కట్టరాదు."

ప్రాణరక్షణ అనే మాట దగ్గర రెండు సార్లు ఆగాను. కట్టరాదు దగ్గర ఆగలేదు. అది సులభంగానే వచ్చింది.

ఆ కింద ఇంకొకటి ఉంది. "పంటి ముందరి మిట్టను కొలత రేకు లేకుండా అరగదీయరాదు. ఎక్కువ అరిగితే గొలుసు ఎక్కువ లోతు కొరికి, మిషను ఎగిరే ప్రమాదం పెరుగుతుంది."

"చాలా బాగా చదివినారు రుక్మిణమ్మా," అంది మాధవి మేడం. "ఒక్క తప్పు కూడా పోలేదు."

ఎక్కడైనా ఒక తప్పు పోయి ఉంటే బాగుండేది. పుస్తకాన్ని ఆమె చేతిలో పెట్టి మళ్లీ చదవమన్నాను. ఆమె చదివినా అదే వచ్చింది. మిషను నడుమ నడుమ ఆగిపోవడం రోగం కాదు. దాని పని అది చేస్తోంది. నేను దాని చేతులు వెనక్కి విరిచి కట్టాను. పైగా పండ్లకు కసి పెట్టి పంపాను.

చెప్పులు వేసుకున్నది కూడా గుర్తులేదు, ఇంటికి వచ్చేశాను. సుమలత ఫోను కలిపి ఇచ్చింది. ప్రతాప్ ఎత్తడం లేదు. అయిదు సార్లు మోగింది. మిషను మోతలో వినపడదు అని నాకు తెలుసు. అయినా మోగిన ప్రతిసారీ ఇంకో సంగతే మనసుకు వచ్చింది. పొద్దు వాలే ముందు వాడే చేశాడు.

"ఏమి మా, ఇన్ని సార్లు?"

"నాయనా, ఆ దారం తెంచెయ్. అది బ్రేకంట. నేను దాన్ని కదలకుండా కట్టినాను. పుస్తకంలో ఉండాది."

"ఏం పుస్తకం?"

చెప్పాను. విన్నాడు. "నువ్వు కూడబలుక్కుని చదివింటావు. సరిగ్గా చదివినావో లేదో."

"మేడం కూడా చదివింది."

"ఆయమ్మ ఎప్పుడన్నా మిషను పట్టిందా?" అవతల ఎవరో నవ్వడం వినిపించింది. తర్వాత నవ్వులు దూరమయ్యాయి. వాడు పక్కకు నడిచినట్టున్నాడు. గొంతు తగ్గించాడు. "మా, నేను దారం తీస్తే వీళ్లు ఏమంటారో నీకు తెలుసు గదా. ఆ దినం అనిందే మళ్లీ అంటారు. నీ చెయ్యి కలిసిరాలేదు, అందుకే పీకేసినాడు అంటారు. ఆ మాట నేను పడనీను. తీయను."

ఫోను పెట్టేశాడు. ఆ రెక్కను నేను కట్టడం ఒక ఎత్తు, వాడు నా కోసం దాన్ని విప్పకుండా ఉండడం ఇంకొక ఎత్తు. ఫోను పట్టుకుని గడప మీదే కూర్చున్నాను.

సుమలత నా చేతిలోంచి ఫోను తీసుకుంది. "నేను చెప్తే అసలే వినడు. పొద్దున నువ్వే పో అత్తా," అంది. సంచి తెచ్చి ముందర పెట్టింది.

*

సంచిలో ఇంట్లో నూరి ఉంచిన రెండో చైను పెట్టుకున్నాను. దాని మిట్టల జోలికి నేను పోలేదు. కొలత రేకు, ఆకురాళ్లు, పుస్తకం. మదనపల్లె బస్టాండులో కుప్పం బస్సు ఎక్కేసరికి ఏడు దాటింది. టమోటా బాక్సుల లారీలు దారి ఇవ్వక ఊరు దాటడానికే అరగంట పట్టింది. డ్రైవరు నిదానంగా హారను కొడుతుంటే లేచి నేను కొట్టాలనిపించింది.

పుంగనూరులో పది నిమిషాలు ఆపారు. ఫోను చేశాను. మోగింది. ఎత్తలేదు. చెంగయ్యకు చేశాను. స్విచ్చాఫ్. ఆ వేళకు పని మొదలై ఉంటుంది. మొదటి మాను పడి ఉంటుంది. పడిన మానుకు కొమ్మలు కోసేటప్పుడే బ్లేడు ముక్కు ఏదో ఒకదానికి తగిలేది. ఆ సంగతి పొద్దున బస్సులో కూర్చుని తర్వాతి పేజీలో చదివాను. చదవకుండా ఉంటే బాగుండేది.

పక్క సీటులో పూలబుట్ట పెట్టుకున్న ఆమె నన్ను చాలాసేపటి నుంచి చూస్తోంది. "యాడికి పోతాండావు అక్కా?"

"కుప్పానికి."

"పెండ్లా?"

"కాదు. దారం తెంచేదానికి."

ఆమె బుట్టను రొంత అవతలికి జరుపుకుంది.

పలమనేరు దాటాక తుంపర మొదలైంది. తడి మాను మీద కాలు జారుతుంది. తడి పిడి మీద చెయ్యి జారుతుంది. పుస్తకంలో అదీ ఉంది. పుస్తకం మూసి సంచిలో పెట్టాను.

కుప్పంలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. తోపు ఊరికి చాలా దూరం. మట్టి రోడ్డు మలుపులో ఆటో ఇంక పోలేదు. దిగగానే మిషను మోత వినిపించింది. కోస్తున్నాడు అంటే బాగున్నాడు అని. ఆ మోతనే పట్టుకుని నడిచాను. సగం దూరం పోయాక అది ఠక్కున ఆగింది.

నీలగిరి మాన్ల మధ్య ఏ శబ్దమూ లేదు. ఎవరి మాటా లేదు. నేను పరుగెత్తాను. ఈ వయసులో నేను పరుగెత్తగలనని నాకు తెలియదు. చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది.

ప్రతాప్ మొద్దు మీద కూర్చుని మిషనులో పెట్రోలు పోస్తున్నాడు.

నన్ను చూసి లేచాడు. "యాల వస్తివి మా? ఇంట్లో ఏమన్నా...?"

"ఇంట్లో అందరూ బాగుండారు."

మాను అవతల నుంచి మిగతా వాళ్లు వచ్చారు. నేను సంచిలోంచి తీసిన పుస్తకం చెంగయ్య చూశాడు. "వదిన పుస్తకం తెచ్చిందప్పా. ఇంక మనకందరికీ పరీక్షలే." వాళ్లు నవ్వారు.

ప్రతాప్ మొహం ఎర్రబడింది. నేను పుస్తకం వాడికి ఇచ్చాను. "నేను తప్పు చదివింటాను. నువ్వు పది దాకా చదివినావు. చదువు."

వాడు అందరి ముందర కాదనలేకపోయాడు. మొదట గబగబా చదివాడు, వదిలించుకునేవాడిలా. ముఖం వైపు లేస్తుంది అన్న దగ్గర నిదానించాడు. కట్టరాదు అన్న దగ్గర ఆగి మిషను వైపు చూశాడు. దారం ఆయిలు తాగి, పొట్టు పట్టి, నల్లగా చర్మంలా బిగిసి ఉంది. కిందిది కూడా చదివాడు, మిట్టల సంగతి.

"అది కూడా నేనే చేసినాను," అన్నాను. "రేకు పెట్టకుండా రుద్దినాను."

"చిన్నాయన చెప్పింటాడు."

"చెప్పింది ఆయన. రుద్దింది నేను."

చెంగయ్య నవ్వడం ఆపేశాడు. "అది సరే వదినా. చైను మార్సుకోవచ్చు. కట్టిన దారం మాత్రం తెంచరాదు. ఇంతమంది దాని కింద పని చేస్తాండాము. నేను ఆ దినమే చెప్తి..."

ముగించలేదు. నేనే ముగించాను. "మొగుడు లేనిదాని చేత కట్టించవద్దని చెప్తివి. ఇప్పుడు ఆ చేత్తోనే తెంచుతాండా. దోషం ఉంటే నాకే ఉండనీ."

"మా," అన్నాడు ప్రతాప్.

"ప్లగ్గు వైరు పీకెయ్. ముందర ఆ పని చెయ్."

వాడు పీకేశాడు. నేను కొడవలి తీసుకున్నాను. దారం సులభంగా తెగలేదు. ఒక్కొక్క చుట్టే కోశాను, తొమ్మిదీ. ఆఖరిది తెగాక ప్రతాప్ అరచేత్తో కాపును ముందుకు నొక్కాడు. కదలలేదు. మళ్లీ నొక్కాడు. దారం లేదు, అయినా కదలలేదు.

వాడు పానా అందుకున్నాడు.

పక్క మూత విప్పితే లోపలంతా బంకా, పొట్టూ, ఆయిలూ కలిసి గట్టిపడి ఉంది. దసరా నుంచి ఒకసారీ కదలక అది అట్లాగే గడ్డకట్టింది. బ్రష్షుతో, పుల్లతో ముప్పావు గంట శుభ్రం చేశాం. ఆ తర్వాత నొక్కితే టక్కుమంది. ప్రతాప్ వెనక్కి లాగి మళ్లీ నొక్కాడు. టక్. మిషను నడిపి కూడా చూశాడు. నొక్కగానే చైను నిలబడిపోయింది. నేను తెచ్చిన చైను ఎక్కించి, పాత దాన్ని నా సంచిలో వేసుకున్నాను. రేకు పెట్టి చూసి, మిట్టలకు సరిపోయేంత పండ్లు నూరేదాకా దాన్ని ఇంక ఎక్కించేది లేదు.

*

ఆ రోజే వెనక్కి పోవలసింది. పోలేకపోయాను. తోపు యజమాని షెడ్డులో ఉండి అన్నం వండాను, ట్యాంకు అయిపోయినప్పుడల్లా పదును చూశాను. పని జరుగుతుంటే రెండు మాన్ల పొడవు దూరంలో కూర్చునేదాన్ని, అంతకన్నా దగ్గరికి రానివ్వలేదు ప్రతాప్. మోత ఆగిన ప్రతిసారీ లేచి నిలబడేదాన్ని. పెట్రోలు అయిపోయి ఆగేది. బీడీ కోసం ఆగేది. ఒకసారి ఎవరికో ఫోను వచ్చి ఆగింది. చెంగయ్య నాతో మాట్లాడడం లేదు. ముద్ద పెడితే తింటాడు, తల ఎత్తడు.

మూడో రోజు పదకొండు గంటల వేళ పడిన మానుకు కొమ్మలు కోస్తున్నారు. మోత ఉన్నట్టుండి పైకి లేచి, సగంలో తెగిపోయింది. ఇంజను ఆగలేదు, బుడబుడమంటూనే ఉంది. చైను మాత్రం ఆగింది. ఆ తేడా నాకు కూర్చున్న చోటికే తెలిసింది.

ఈసారి నేను లేవలేదు. పక్కనున్న సంచిని ఒళ్లోకి లాక్కున్నాను.

"ఎవురూ రావద్దండి," అని ప్రతాప్ గొంతు వినిపించింది. "ఏం కాలేదు."

ఇంజను ఆపేశాడు. వాడు, వెనక చెంగయ్య నడుచుకుంటూ వచ్చారు. ప్రతాప్ నా పక్కన కూర్చున్నాడు. నీళ్ల చెంబు ఇచ్చాను. చెంబు ఎత్తి మొత్తం తాగేశాడు.

"కింద ఇంకో కొమ్మ ఉండింది," అన్నాడు చెంగయ్య. మూడు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట. "మాకు అగపడలేదు. ముక్కు దానికి తగిలింది. లేచింది." తన మెడ దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. చెయ్యి అక్కడే కాసేపు ఉంది. "ప్రతాప్‌కు ఈడి దాకా వచ్చినప్పటికి చైను తిరగడం లేదు."

మిగతా ముగ్గురూ వచ్చి నిలబడ్డారు. తుంపర పడుతూనే ఉంది.

"ఆ పుస్తకం యాడ పెట్టినావు మా?" అన్నాడు ప్రతాప్.

సంచిలోంచి తీసి ఇచ్చాను. వాడు తెరిచాడు. బాణం గుర్తు బొమ్మ ఉన్న పేజీ దగ్గర ఆగాడు. మూసి నా ఒళ్లో పెట్టాడు.

"నువ్వే చదువు. మొదటి నుంచి చదువు."

"అంతా చదివితే చాలాసేపు పడతాది నాయనా. నా చదువు నీకు తెలుసు గదా."

చెంగయ్య భుజం మీది తువ్వాలు తీసి తడి మొద్దు మీద పరిచి దాని మీద కూర్చున్నాడు.

"పట్టనీ వదినా," అన్నాడు.

నేను మొదటి పేజీ తీశాను. ఒత్తుల దగ్గర ఆగుతూ చదివాను. ఆగిన చోటల్లా వాళ్లు కూడా ఆగారు.